కర్త లేని వాక్యాలు: కంప్యూటర్ మాటలు, మన రచయితలు

కంప్యూటర్, ఇంటర్నెట్ మాటల గురించి మన సాహిత్య పత్రికల్లో చర్చ వచ్చినప్పుడల్లా అది ఒకే గాడిలో పడిపోతోంది. ‘ఇంటర్నెట్’ అని రాయాలా, ‘అంతర్జాలం’ అని రాయాలా? ‘పాస్‌వర్డ్’ను అలాగే ఉంచాలా, ‘సంకేతపదం’ చేయాలా? ఒక పక్షం తెలుగు చచ్చిపోతోందని వాపోతుంది. రెండో పక్షం, జనం వాడేదే భాష, ఇంగ్లీషు మాటే ఉంచేయండి, పని జరిగిపోతుంది అంటుంది. మొదటివారిది ఛాందసమనీ, రెండోవారిది ఆధునికమనీ మన అభ్యుదయ రచయితల్లో చాలామంది అప్రయత్నంగా తీర్మానించేసుకున్నారు. ఈ తీర్మానాన్ని తిరిగి పరిశీలించవలసి ఉంది. ఎందుకంటే ఈ రెండు పక్షాలూ మాటని వాక్యంలోంచి పీకి, బల్ల మీద ఒంటరిగా నిలబెట్టి దాని కులగోత్రాలు విచారిస్తున్నాయి. మాట పనిచేసేది వాక్యంలో. వాక్యంలో ఒక క్రియ ఉంటుంది. ఆ క్రియ చేసేవాడొకడుంటాడు, దాని ఫలితం అనుభవించేవాడొకడుంటాడు. విమర్శకుడు అడగవలసిన మొదటి ప్రశ్న, కంప్యూటర్ మాట చేరిన ఈ వాక్యంలో కర్త ఎవరు, అతన్ని మనకు కనబడనిస్తున్నారా, కప్పిపెడుతున్నారా అనేది.

పుట్టుక సంగతి త్వరగా తేల్చేయవచ్చు. మన ప్రజాసాహిత్యానికి కేంద్రమైన ‘రైతు’ అనే మాట అరబ్బీ నుంచి వచ్చింది. రచయిత చేతిలోని ‘కలం’ అరబ్బీ, దాని కింది ‘కాగితం’ పారశీకం గుండా వచ్చినది. తహసీల్దారు, జమాబందీ, అర్జీ, వకీలు అన్నీ పాలకుల వెంట వచ్చిన మాటలే. వాటిని తెలుగు జీర్ణం చేసుకుంది. కంప్యూటర్‌నీ ఫోన్‌నీ జీర్ణం చేసుకోవడం తెలుగుకు కష్టం కాదు, ఇప్పటికే చేసుకుంది కూడా. అయితే ఇక్కడే ఒక సంగతి మరవకూడదు. జమాబందీ అనే మాట తెలుగులో కలిసిపోయినంత మాత్రాన జమాబందీ రైతుకు చుట్టం కాలేదు. మాటని జనం వాడుతున్నారంటే ఆ మాట వెనకున్న వ్యవస్థ మీద జనానికి అధికారం వచ్చిందని అర్థం కాదు. ‘జనం వాడేదే భాష’ అనే వాదంలోని డొల్లతనం ఇదే.

ఇక పదసృష్టి చేసినవారి సంగతి. ‘అంతర్జాలం’ ఇప్పుడు పత్రికల్లో స్థిరపడింది, దానితో పేచీ లేదు. కాకపోతే ‘జాలం’ విచిత్రమైన మాట. వల అనే అర్థం ఉంది, పదజాలంలో లాగా సమూహమనే అర్థం ఉంది, ఇంద్రజాలంలో లాగా మాయ అనే అర్థం ఉంది. పాత తెలుగులో ‘జాలం చేయడం’ అంటే ఆలస్యం చేయడం. సిగ్నల్ అందని ఏజెన్సీ గ్రామాల్లో ఈ చివరి అర్థమే సరిగ్గా సరిపోతుంది. సాఫ్ట్‌వేర్‌కు కొందరు ‘మృదులాంత్రం’ అన్నారు. యంత్రం చివరి అక్షరాలు నిలబెట్టాలనేది వారి ఉద్దేశం కావచ్చు గానీ, ఆంత్రమంటే పేగు. మెత్తటి పేగుతో లెక్కలు కట్టే యంత్రం ఏ వైద్యగ్రంథంలోనూ ఉండదు. ఇటువంటి మాటలు చదువుకున్నవాడు తన పాండిత్యానికి తానే మురిసిపోవడానికి పనికొస్తాయి. గిడుగు రామమూర్తి ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఎవరి మీద పోరాడారో వారి వారసులు కోటు తొడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నారని చెప్పవచ్చు.

అంతమాత్రాన పదసృష్టి అంతా వ్యర్థమని కొట్టిపారేయడం అన్యాయం. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో జీతం లేకుండా పనిచేసినవారు తయారుచేసుకున్న మాటల్లో కొన్ని చాలా మంచివి. ‘యూజర్’కు వారు ‘వాడుకరి’ అన్నారు. పెద్ద కంపెనీల తెలుగులో అదే మనిషి ‘వినియోగదారు’ అవుతాడు. ఈ రెండు మాటల మధ్య తేడా అలంకారానికి సంబంధించింది కాదు. వినియోగదారు సరుకు కొనేవాడు, ఖర్చు చేసేవాడు. వాడుకరి పనిముట్టును చేతబట్టినవాడు, కొడవలినైనా కలాన్నైనా. ఒకే ఇంగ్లీషు మాటకు రెండు తెలుగు మాటలు రెండు వేర్వేరు సామాజిక సంబంధాలను చూపుతున్నాయి. అక్కడే సభ్యులు చర్చించుకునే పేజీకి ‘రచ్చబండ’ అని పేరు పెట్టారు. వినసొంపుగా ఉంది, పల్లెవాసన ఉంది. కానీ ఊళ్లో రచ్చబండ మీద ఎవరు కూర్చునేవారు, ఎవరు కింద చేతులు కట్టుకుని నిలబడేవారు, ఆడవాళ్లు ఎంత దూరం నుంచి నడిచిపోయేవారు అనేది తెలిసినవారికి ఆ పేరు అంత నిష్కల్మషంగా వినిపించదు. దేశి మాట అయినంత మాత్రాన ప్రజాస్వామిక మాట అయిపోదు.

తెలుగు ఇంగ్లీషు కన్నా స్పష్టంగా మాట్లాడిన సందర్భం ఒకటి ఉంది. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించి, సాఫ్ట్‌వేర్‌ను చదివే, మార్చే, పంచే హక్కు అందరికీ ఉండాలన్నాడు. ఆయన చెప్పిన ‘ఫ్రీ’ అనే మాటకు ఇంగ్లీషులో డబ్బు అక్కర్లేనిదనే అర్థమూ ఉంది, స్వేచ్ఛ గలదనే అర్థమూ ఉంది. అది ధరకు సంబంధించిన మాట కాదని చెప్పడానికే ఆ ఉద్యమం దశాబ్దాలు చెమటోడ్చింది. తెలుగులో ఆ చిక్కే లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఆ మాటను అనువదించాలని కూర్చున్న క్షణంలోనే రెంటిలో ఒకటి ఎంచుకోక తప్పదు. అందుకే, అనువాదం మాటల మీద పెట్టే పరీక్ష. ఇంగ్లీషు మాటని అలాగే మింగేసేవారు ఆ పరీక్ష నుంచి తప్పించుకుంటున్నారు.

ఆ పరీక్షకు మరొక ఉదాహరణ. ఒకప్పుడు ఒక కంప్యూటర్‌లో రెండు హార్డ్‌డిస్కులు పెడితే ఒకదాన్ని ‘మాస్టర్’, రెండోదాన్ని ‘స్లేవ్’ అనేవారు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ వంటి చోట్ల యంత్రాలు బిగించే కుర్రాళ్ల నోట ఈ మాటలు రోజూ నలిగేవి. 2003లో లాస్ ఏంజెలెస్ కౌంటీ ఈ మాటలు మానుకోమని తన సరఫరాదారులను కోరింది. నల్లజాతివారి ఉద్యమం ఉవ్వెత్తున లేచిన 2020లో గిట్‌హబ్ వంటి సంస్థలు ‘మాస్టర్’ అనే మాటను తీసి వేరే మాట పెట్టుకున్నాయి. పేరు మారితే బతుకు మారుతుందా అని వెక్కిరించినవారు అక్కడా ఉన్నారు. కానీ ఇక్కడ మన దగ్గర ఆ చర్చే రాలేదు. కారణం మన వాళ్లకు చైతన్యం తక్కువై కాదు. ‘దొర డిస్కు, బానిస డిస్కు’ అని ఒక్కసారి తెలుగులో అని ఉంటే, గడీల చరిత్ర తెలిసిన తెలంగాణలో ఎవరో ఒకరు ఉలిక్కిపడేవారు. ఇంగ్లీషు ముసుగు ఆ ఉలికిపాటు నుంచి మనల్ని కాపాడింది.

‘క్లౌడ్’ ఇంకా పెద్ద మాయ. మన ఫోటోలు, లెక్కలు, ఉత్తరాలు మబ్బులో ఉంటాయట. మనవాళ్లు దీన్ని ‘మేఘం’ అని అనువదించి మరింత కవితాత్మకం చేశారు. తెలుగు కవికి మేఘమంటే చాలు, మనసు తేలిపోతుంది. అసలు వస్తువు ఏమిటి? వేరొకరి కంప్యూటర్లు. వేలకు వేలు యంత్రాలు వరసలుగా పేర్చిన షెడ్లు. వాటికి రాత్రింబవళ్లు కరెంటు కావాలి, అవి వేడెక్కకుండా చల్లబరిచే ఏర్పాటు కావాలి, దానికి చాలాచోట్ల నీళ్లు కావాలి, అన్నిటికన్నా ముందు భూమి కావాలి. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెట్టి ఇటువంటి కేంద్రం కడతానని ప్రకటించింది. అంటే మబ్బు ఇప్పుడు ఉత్తరాంధ్ర నేల మీద దిగుతోంది. మంచిదా చెడ్డదా అనే వాదన వేరే వ్యాసానికి వదిలేద్దాం. సాహిత్య విమర్శకుడు గమనించవలసింది, భూమి, నీళ్లు, కరెంటు అనే మూడు మాటలు ఉన్న విషయాన్ని ఆ మూడూ వినిపించకుండా చెప్పగలిగిన రూపకం ఎంత శక్తివంతమైనదో. మబ్బు కోసం ఆకాశం చూసి చూసి కళ్లు కాయలు కాచిన రాయలసీమ రైతుకు ఈ మాట చెప్పి చూడండి.

ఇలా శ్రమనీ మనిషినీ మాటలోంచి తుడిచేయడం కంప్యూటర్ చరిత్ర మొదటి నుంచీ ఉంది. ‘కంప్యూటర్’ అనే మాటే ఒకప్పుడు మనిషి ఉద్యోగం పేరు. లెక్కలు కట్టే మనిషిని, చాలా సందర్భాల్లో తక్కువ జీతానికి పనిచేసే స్త్రీని, ఇంగ్లీషులో కంప్యూటర్ అనేవారు. హార్వర్డ్ నక్షత్రశాలలో పందొమ్మిదో శతాబ్దం చివర నక్షత్రాల లెక్కలు తేల్చింది ఆ స్త్రీలే. 1946లో ఎనియాక్ యంత్రాన్ని లోకానికి చూపించినప్పుడు దానికి లెక్క నేర్పిన ఆరుగురు స్త్రీలను ఎవరూ పరిచయం చేయలేదు. యంత్రం పేరు తీసుకుంది, మనుషులు పోయారు. మీటల పలక మీది ‘అప్పర్ కేస్, లోయర్ కేస్’ చూడండి. అవి కంపోజిటర్ ముందుండే చెక్క పెట్టెలు. పెద్ద అక్షరాలు పై పెట్టెలో, చిన్న అక్షరాలు కింది పెట్టెలో. సీసపు అక్షరాలు ఏరి ఏరి వేళ్లు నల్లబడ్డ కార్మికుడి కార్యస్థలం నుంచి ఆ మాట వచ్చింది. మన చిన్న పత్రికలన్నీ ఒకనాడు ఆ చేతుల మీదే బతికాయి. ఇప్పుడు ఆ మాట ఉంది, కంపోజిటర్ లేడు, అతని జాగాలోకి వచ్చిన డీటీపీ ఆపరేటర్‌ను మన కథలు ఇంకా చూడలేదు.

మన దగ్గర దీనికి సరిగ్గా తిరగేసిన కథ ఉంది. లెక్కలు రాసే మనిషిని మనం ‘కరణం’ అన్నాం. సంస్కృతంలో కరణమంటే సాధనం, పనిముట్టు. అంటే ఇంగ్లీషువాడు మనిషి పేరు యంత్రానికి పెట్టాడు, మనం పనిముట్టు పేరు మనిషికి పెట్టాం. కరణం దస్త్రంలో ఏముందో రైతుకు తెలిసేది కాదు. 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. దస్త్రం తర్వాతి కాలంలో కంప్యూటర్‌లోకి వెళ్లింది. తెలంగాణలో 2020 అక్టోబరులో దానికి ‘ధరణి’ అని పేరు పెట్టారు. ప్రబంధాల్లో భూమికి వాడిన మాట అది. కవులు భూదేవిని కీర్తించే మాటతో భూమి రికార్డుల పోర్టల్‌ను పిలిచారు. ఆ పోర్టల్‌లో పట్టాదారుకు గడి ఉంది, నేల దున్నే సాగుదారుకు గడి లేదు. కౌలు రైతు, నోటిమాట మీద, సాదాబైనామా మీద కొన్న రైతు ఆ అందమైన మాటలో ఎక్కడా లేడు. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో ‘భూభారతి’ వచ్చింది. ఈ పేరు కూడా సంస్కృత సమాసమే. పేర్లు పెట్టేవారి అభిరుచి మాత్రం మారలేదు.

ఇప్పుడు అసలు విషయానికి రావాలి. ఈ మాటలన్నీ పైనుంచి వస్తుంటే కిందివాళ్లు ఊరుకోలేదు. వాళ్లు నామవాచకాల జోలికి పోలేదు, వాటిని వచ్చినవి వచ్చినట్టు తీసుకున్నారు. తమ సృజనంతా క్రియల మీద పెట్టారు. మెమరీ కార్డులు వచ్చిన రోజుల్లో ప్రతి మండల కేంద్రంలో సెల్ షాపు ముందు ‘పాటలు ఎక్కించబడును’ అని బోర్డు ఉండేది. డౌన్‌లోడ్‌కు ‘దిగుమతి’ సరైనదా కాదా అని పండితులు తల బద్దలు కొట్టుకుంటుంటే, లారీ మీదికి బస్తాలు ఎక్కించే హమాలీ మాట వచ్చి పాటల మీద కూర్చుంది. బోర్డు మీద ‘ఎక్కించబడును’ అనే ఆఫీసు తెలుగు, లోపల కుర్రాడి నోట ‘ఎక్కిస్తా అన్నా’. ఫోన్ కొడతాం, మెసేజ్ పెడతాం, బ్యాలెన్స్ వేయిస్తాం, నెట్ ఆన్ చేస్తే వస్తుంది, లేకుంటే పోతుంది. వచ్చిపోయే చుట్టంలా ఉంటుంది నెట్. కొట్టు, పెట్టు, వేయి, తీయి, ఎక్కు, దిగు. ఒళ్లు వంచే పనుల నుంచి వచ్చిన క్రియలివి. ఒక సంఘం కూర్చుని ఇంత పొందికైన పరిభాష తయారుచేయలేదు.

కానీ జనం మాట అనగానే మొక్కేయడం కూడా ఒక రకమైన ఆత్మాశ్రయ ధోరణే. వాటిలో ‘పడు’ అనే క్రియను పట్టి చూడండి. పింఛను డబ్బులు పడ్డాయి. రైతుబంధు పడలేదు. మస్టర్ పడింది. 2023 జనవరి నుంచి ఉపాధి హామీ పనిచోట ఫోన్‌లో హాజరు ఫోటో తప్పనిసరి చేశాక ‘ఫోటో పడాలి’ వచ్చి చేరింది. భూమి ‘పార్టు బీలో పడింది’. తెలుగులో ఇంకేమేమి పడతాయి? వాన పడుతుంది, పిడుగు పడుతుంది, శిక్ష పడుతుంది. పైనుంచి వచ్చేదీ, మన చేతిలో లేనిదీ, ఎవరు చేశారో తెలియనిదీ పడుతుంది. ప్రభుత్వం నుంచి తనకు రావలసిన కూలీ డబ్బును శ్రామికుడు వానతో సమానమైన వ్యాకరణంలో చెబుతున్నాడు. ఇది అతని అజ్ఞానం అనుకుంటే పొరపాటు. వ్యవస్థ తనకు ఎలా కనబడుతోందో అంత కచ్చితంగా చెప్పాడు. భూమిని పార్టు బీలో ‘పెట్టారు’ అంటే, ఎవరు పెట్టారు అనే ప్రశ్న వెంటనే వస్తుంది. ‘పడింది’ అంటే ఆ ప్రశ్న పుట్టకముందే చచ్చిపోతుంది. 

రేషన్ షాపులో ఈ వ్యాకరణం పూర్తి రూపం చూస్తాం. ఈ-పాస్ యంత్రం ముందు ముసలమ్మ వేలు పెడుతుంది. ‘వేలు పడలేదమ్మా’ అంటాడు డీలరు. మట్టి పనిలో, బీడీలు చుట్టడంలో, అంట్లు తోమడంలో గీతలు అరిగిపోయిన వేలు అది. ఒకనాడు చదువురానివారి గుర్తుగా నిశానీ వేయించుకున్న రాజ్యం, ఇప్పుడు ఆ నిశానీని కూడా నమ్మనంటోంది. వాక్యంలో మాత్రం తప్పు వేలిది. యంత్రం చదవలేకపోయిందని ఎవరూ అనరు. మరో రోజు ‘సర్వర్ డౌన్’. తెలుగునాట చదువుతో సంబంధం లేకుండా అందరికీ తెలిసిన ఇంగ్లీషు వాక్యం ఏదైనా ఉంటే అది ఇదే. క్రియ లేదు, కర్త లేడు. ఆ వాక్యంతో ఎవరూ పోట్లాడలేరు. డీలరు కూడా అబద్ధం చెప్పకపోవచ్చు, నిజంగానే అతనికీ ఆ సర్వర్ ఎక్కడుందో తెలియదు. మునుపు కరణం తలుపు వేసుకుంటే కనీసం తలుపు కొట్టే వీలుండేది.

కొత్తగా వచ్చిన కంపెనీలు ఈ కళలో ప్రభుత్వాలను మించిపోయాయి. మోటారు సైకిల్ మీద అన్నం పొట్లాలు మోసే కార్మికుణ్ణి ‘డెలివరీ పార్ట్‌నర్’ అంటారు. ‘భాగస్వామి’ అని తెలుగు చేసి, లాభంలో భాగమెంత అని అడిగితే ఆ మాట అక్కడే కూలిపోతుంది. అతన్ని పనిలోంచి తీసేస్తే ఆ వార్త ‘ఐడీ బ్లాక్ అయింది’ అనే రూపంలో వస్తుంది. తీసేసినవాడు వాక్యంలో లేడు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి కూడా గిగ్ వర్కర్‌ను సాంప్రదాయిక యజమాని–ఉద్యోగి సంబంధానికి బయట పనిచేసే వ్యక్తిగానే నిర్వచించింది. యజమాని అనే మాటను తప్పించగలిగితే యజమాని బాధ్యతను తప్పించడం ఎంత సులువో ఇంతకన్నా వివరించనక్కర్లేదు.

మన సాహిత్యం దీన్ని ఎలా పట్టుకుంది? 1990ల తర్వాత ప్రపంచీకరణ మీద వచ్చిన కవిత్వంలో కంప్యూటర్ మాటలకు కొదవలేదు. ఎలుక వచ్చింది, వల వచ్చింది, సాలెగూడు వచ్చింది, మానవ సంబంధాలు ‘డిలీట్’ అయ్యాయి, బాల్యం ‘రీసైకిల్ బిన్’లో పడింది. మొదట రాసినవారికి అది సాహసం, తర్వాతివారికి అది రెడీమేడ్ చొక్కా. ఈ కవిత్వంలో కంప్యూటర్ ఒక శత్రువుగానో, ఒక ప్రతీకగానో ఉంటుంది తప్ప దాని ముందు కూర్చున్న మనిషి ఉండడు. కథల్లో మనిషి ఉన్నాడు, కానీ అతను దాదాపు ఎప్పుడూ సాఫ్ట్‌వేర్ ఇంజనీరే. అమెరికా ప్రయాణం, ఊళ్లో తల్లిదండ్రుల ఒంటరితనం, శని ఆదివారాల శూన్యం. మధ్యతరగతి రచయితకు తెలిసిన బతుకు అదే కనక అదే రాశాడు, తప్పు పట్టలేం. మీసేవ కేంద్రంలో రోజుకు వంద ముఖాలు చూసే అమ్మాయి, రాత్రి పూట తెర మీద లోకంలోని హింసనంతా చూసి ఏది ఉంచాలో ఏది తీసేయాలో నిర్ణయించే హైదరాబాద్ కాంట్రాక్టు ఉద్యోగి, యంత్రాలకు తెలివి నేర్పడానికి బొమ్మల చుట్టూ గీతలు గీసే నిరుద్యోగ పట్టభద్రుడు కథలోకి రావలసే ఉంది. వాళ్లకు తమ పనికి సంబంధించిన మాటలున్నాయి, తిట్లున్నాయి, ఎత్తిపొడుపులున్నాయి. అవి మన చెవిన పడలేదు.

చెవిన పెట్టే పద్ధతి మనకు కొత్త కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ పదాలతో, 1971లో చేనేత పదాలతో మాండలిక వృత్తి పదకోశాలు తెచ్చింది. నాగలి భాగాలకూ మగ్గం భాగాలకూ పేర్లు పండితుల్ని అడగలేదు, ఊరూరా తిరిగి పని చేసేవారిని అడిగారు. ఆ పని కంప్యూటర్ వృత్తులకు ఇంకా జరగలేదు. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో పరిశోధనకు అంశాలు దొరకడం లేదని విద్యార్థులు అంటుంటారు. ఇదొకటి ఉంది. దానికి ఇంగ్లీషు మాట పక్కన తెలుగు మాట రాసిన పట్టికలు అక్కర్లేదు. ఆరోపణ క్రమంలో క్రియలు తీసుకుని, ఏ క్రియను ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అంటున్నారో రాసుకుంటే చాలు.

ఉదాహరణకు ‘ఎక్కు’ అనే ఆరోపం కింద ఈ వాడుకలన్నీ చేర్చవలసి ఉంటుంది. సెల్ షాపులో: పాట ఎక్కింది. చేతిలో ఫోనుతో కూతురు తల్లితో: ఛార్జింగ్ ఎక్కట్లేదమ్మా. తహసీల్దారు ఆఫీసు మెట్ల మీద: నా పేరు ఎక్కలేదు. అదే మెట్ల మీద, గొంతు తగ్గించి: ఆన్‌లైన్ ఎక్కించాలంటే ఎంతవుద్ది సారూ?